తెలియదని చెప్పని ఫ్యాక్టరీ

ఆ ఏడు వానలు మొదలయ్యాక మా షాపుకు ఫోన్లు రావడం తగ్గిపోయింది. అంతకుముందు రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేసి మిషన్ ఆగిపోయిందనో, తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయనో కేకలేసేవాళ్లు. ఇప్పుడు ఫోన్ బల్ల మీద ఊరికే పడి ఉండేది. షాపు యజమాని టీ తాగుతూ నావైపు తిరిగి, "చూస్తివా, ఎంత సల్లగుందో" అన్నాడు. నాకు ఆ చల్లదనం నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో అడిగితే అప్పుడు చెప్పలేకపోయేదాన్ని.

షాపు నంద్యాలలో, రైస్ మిల్లులున్న రోడ్డుకు వెనక సందులో ఉండేది. మిల్లుల్లో వడ్లు ఆరబెట్టే డ్రయ్యర్లకు, బండలు కోసే మిషన్లకు, ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే మిషన్లకు కంట్రోల్ బాక్సులు కట్టివ్వడం మా పని. యజమాని బాక్సు కట్టేవాడు. అందులో నడిచే ప్రోగ్రాం నేను రాసేదాన్ని. ఆయన నాకంటే పదేళ్లు పెద్ద. అన్నా అని పిలిచేదాన్ని. డిప్లొమా చదివి, వైర్ల మధ్య పెరిగిన మనిషి. కోడ్ కూడా కొంత వచ్చు. తొందర ఎక్కువ.

నేను చేరినప్పుడు ఒక్కో మిషన్‌కు ఒక్కో ప్రోగ్రాం ఉండేది. ఒకదాన్ని కాపీ చేసి, నాలుగు పేర్లు మార్చి, ఇంకోదానికి పెట్టేవాళ్లు. ఒక చోట తప్పు దిద్దితే మిగతా చోట్ల ఆ తప్పు అట్లాగే ఉండిపోయేది. కొన్ని నెలలు ఆ కాపీల వెంట పరుగెత్తి, చివరికి నేనే ఒక పద్ధతి తయారుచేశాను. మా భాషలో దాన్ని ఫ్యాక్టరీ అంటారు. మిషన్‌లో ఏమేం భాగాలున్నాయో పేర్లు రాసిన చిన్న సెట్టింగుల ఫైలు ఉంటుంది: మోటారు, వేడి కొలిచే పరికరం, తలుపు, బటన్. ప్రోగ్రాం మొదలవగానే ఒక్కో పేరూ ఫ్యాక్టరీకి చెబుతుంది. ఫ్యాక్టరీ ఆ పేరుకు తగిన వస్తువును కంప్యూటర్ లోపల తయారుచేసి చేతికిస్తుంది. ఇక తలుపు తెరిచి ఉందా అని మిషన్ అడగాలంటే ఆ వస్తువునే అడుగుతుంది.

తలుపులకొకటి, మోటార్లకొకటి, బటన్లకొకటి అని వేర్వేరు ఫ్యాక్టరీలు రాయడం నాకు ఇష్టం లేకపోయింది. టెంప్లేటుతో ఒకే ఒక్క ఫ్యాక్టరీ రాశాను. టెంప్లేట్ అంటే, రకం పేరు ఉండాల్సిన చోట ఖాళీ వదిలి రాసిన కోడ్. ఆ ఖాళీలో తలుపు అని పెడితే తలుపుల ఫ్యాక్టరీ అవుతుంది, మోటారు అని పెడితే మోటార్ల ఫ్యాక్టరీ అవుతుంది. రాసేది ఒక్కసారే. పైగా ప్రతి భాగమూ తన ఫైల్లో ఒక్క వరుసతో, ప్రోగ్రాం లేవగానే, నేనున్నాను అని తన పేరు తానే ఫ్యాక్టరీలో నమోదు చేసుకునేది. కొత్త భాగం వస్తే కొత్త ఫైలు పెట్టడమే, పాత కోడ్ ముట్టుకునే పని లేదు. అది మొదటిసారి నడిచిన రోజు ఇంటికి పోతూ సందు చివర బజ్జీలు కొనుక్కుని నడుస్తూనే తిన్నాను. అంత సంతోషం నాకు కోడ్ వల్ల ఎప్పుడూ కలగలేదు.

తెలియని పేరు వస్తే మాత్రం నా ఫ్యాక్టరీ మొండికేసేది. ఈ పేరు నాకు తెలియదు అని తెర మీద రాసి, మిషన్‌ను లేవనిచ్చేది కాదు. అది నేను కావాలనే అట్లా రాశాను.

దాంతోనే గొడవ మొదలైంది. కోతల కాలంలో ఒక మిల్లులో డ్రయ్యర్‌కు కొత్త వేడి పరికరం బిగించారు. సెట్టింగుల్లో దాని పేరు ఒక అక్షరం తప్పు పడింది. డ్రయ్యర్ లేవలేదు. బయట తడి వడ్లు ట్రాక్టర్ల మీద ఉన్నాయి, ఆకాశం మూసుకొచ్చింది. మిల్లు ఆయన ఫోన్లో తిట్టిన తిట్లు షాపు బయట నిలబడ్డవాళ్లకు కూడా వినిపించాయి. మా అన్న పోయి అక్షరం దిద్ది వచ్చాడు. వచ్చి, చెప్పులు విప్పకుండానే నా బల్ల దగ్గర నిలబడ్డాడు.

"మిషన్ నిలబడకూడదు మ్మా. మనం అమ్మేది నడిచే మిషన్."

"తప్పు పేరు పెడితే ఏం చెయ్యాలన్నా?"

"తెలీకపోతే ఏదో ఒకటి ఇచ్చి నడిపించాల. తర్వాత మనం పోయి సర్దుకుంటాం."

"ఏదో ఒకటి ఇస్తే అది వేడి ఎంతని చెప్తాది?"

"ఏదో ఒకటి చెప్తాది లే."

"అట్ల చెయ్యను అన్నా. తెలీనిదాన్ని తెలీదనే చెప్పాల."

ఆయన చెప్పులు విప్పి తన పనిలో పడ్డాడు. ఒప్పుకున్నాడనుకున్నాను.

ఆ తర్వాత మా అమ్మ కంటి ఆపరేషన్ కోసం కర్నూలు పోయి కొన్నాళ్లు అక్కడే ఉన్నాను. తిరిగి వచ్చేసరికి ఫోన్లు ఆగిపోయి ఉన్నాయి. అన్న ఉత్సాహంగా ఉన్నాడు. నేను లేనప్పుడు ప్రోగ్రాంను కొంచెం సర్దానని, చిన్నదైందని, వేగంగా లేస్తోందని చెప్పాడు. కొత్తది పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోయి అందరి మిషన్లలోకీ ఎక్కించి వచ్చాడట. ఏం సర్దావని అడిగితే, "నువ్వు రాసిందే. ఊరికే ఒక చోట పెట్టినా" అన్నాడు. చూడాలనుకున్నాను. కానీ ఆ రోజుల్లో ఇంకో మిల్లు పని నెత్తిమీద ఉంది. చూడడం వెనకపడింది.

ఒక పొద్దున ఆళ్లగడ్డ నుంచి ఫోన్ వచ్చింది. విగ్రహాలు చెక్కే పెద్దాయన. ఊరి బయట, కడప పోయే రోడ్డు పక్కన ఆయన షెడ్డు. ఆయన తండ్రి, తాత ఉలితో చెక్కినవాళ్లే. ఈయన మోకాళ్ల నొప్పులొచ్చాక మిషన్ పెట్టుకున్నాడు. ముతక పని అంతా మిషన్ చేస్తుంది, కళ్లు, పెదవులు, వేళ్లు ఆయన చేత్తో తీరుస్తాడు. మిషన్ బిగించేటప్పుడు నేను అక్కడే రెండు పూటలు తిన్నాను. ఆయన భార్య జొన్నరొట్టె మీద పచ్చిశెనగల కూర వేసి పెట్టింది. అన్నను అడగడానికి మొహమాటపడే సంగతులు ఆయన నన్ను అడిగేవాడు.

"అమ్మయ్యా, బాగుండావా?"

"బాగుండా పెద్దాయనా. మిషన్ ఎట్లుండాది?"

"బంగారట్ల నడుస్తాండాది. ఇంకోటి పెట్టుకుందామనుకుంటాండా, అందుకే ఫోన్ చేస్తి. ముందు దీంతో ఒకటే తలనొప్పి ఉండె గదా, తలుపు తీస్తే సాలు టక్కున నిలబడిపోయేది. మీ అన్న వచ్చి ఏందో ఎక్కించి పోయినాడు సూడు, అప్పట్నుంచి ఆ బాధ ల్యా. తలుపు తీసినా దాని పాటికి అది పని చేసుకుంటాండాది. మా ఆమె తుడిచేది తుడుస్తాంటాది, అది చెక్కేది చెక్కుతాంటాది."

నా చేతిలో టీ గ్లాసు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాను.

"తలుపు తీసినా ఆగల్యాదా?"

"ఆగదు. దానికి తెల్సిపోయిండాదేమో మేం మనోళ్లమని." నవ్వాడు.

"పెద్దాయనా, మిషన్ ఇప్పుడే ఆపెయ్. మెయిన్ దించెయ్."

"ఏందీ?"

"ఆపమంటాండా. నేను వచ్చి చూసేదాకా నడపొద్దు."

"యాడ ఆపేదమ్మా? బేస్తవారం లారీ వస్తాది. అమ్మవారి ముఖం కాడికి వచ్చినాం. నడుస్తాండేదాన్ని ఆపితే మళ్లీ మొదటి నుంచి పట్టుకోవాల."

"అట్లయితే ఎవురూ లోపల చెయ్యి పెట్టొద్దండి. అమ్మకు గూడా చెప్పు. చెయ్యి పెట్టొద్దు."

"సరేలేమ్మా. మేమేమన్నా పసిపిల్లోళ్లమా?" ఆయన గొంతులో ఇంకా నవ్వు పోలేదు. ఫోన్ పెట్టేశాడు.

కంప్యూటర్ తెరిచి అన్న సర్దిన కోడ్ చూశాను. వెతకాల్సిన పని కూడా లేకపోయింది. ఫ్యాక్టరీ టెంప్లేట్‌లో, తెలియని పేరు వస్తే ఆగిపోవాలని నేను రాసిన చోట, ఇప్పుడు వేరే రెండు వరుసలున్నాయి. పేరు తెలియకపోతే ఉత్తుత్తి వస్తువు ఒకటి తయారుచేసి ఇచ్చేయమని. ఆ ఉత్తుత్తి వస్తువు అడిగిన ప్రతిదానికీ అంతా బాగుందనే చెబుతుంది. వేడి హద్దు దాటిందా అంటే దాటలేదు. తలుపు మూసి ఉందా అంటే మూసే ఉంది.

ఆయన అది వేడి పరికరం కోసం పెట్టి ఉంటాడు. కానీ అది టెంప్లేట్. అందులో ఒక్కసారి రాసింది అన్ని రకాలకూ పోతుంది. తలుపులకూ పోయింది, మోటార్లకూ పోయింది.

అయినా తలుపు పేరు ఫ్యాక్టరీకి ఎందుకు తెలియకుండా పోయింది? అది కూడా కాసేపటికి దొరికింది. ప్రోగ్రాం చిన్నదిగా ఉండాలని ఆయన భాగాల ఫైళ్లన్నింటినీ ఒక లైబ్రరీలో, అంటే ఒకే మూటగా, కట్టగట్టాడు. లైబ్రరీ నుంచి ప్రోగ్రాంను జోడించే సాధనం, ఎవరూ పేరుపెట్టి పిలవని ఫైళ్లను అక్కర్లేనివనుకుని వదిలేస్తుంది. నా భాగాలను ఎవరూ పిలవరు. అవే లేచి పేరు నమోదు చేసుకుంటాయి. మోటార్లను పిలిచే కోడ్ వేరేచోట ఉంది కాబట్టి అవి మిగిలాయి. వేడి పరికరం ఫైలును, తలుపు ఫైలును మాత్రం ప్రోగ్రాంలోకి తీసుకోనే లేదు. పాత పద్ధతిలోనైతే మొదటి రోజే మిషన్ లేవకుండా మొండికేసి, తలుపెవరో నాకు తెలియదు అని అరిచి ఉండేది. ఇప్పుడు ఉత్తుత్తి తలుపు పెట్టుకుని హాయిగా లేచింది. అన్ని ఊళ్లలోనూ అట్లాగే లేచింది. ఫోన్లు రాకపోవడానికి కారణం అదే.

అన్న వెనక గదిలో బాక్సుకు రంధ్రాలు వేస్తున్నాడు. పోయి చెప్పాను. డ్రిల్లు ఆపి విన్నాడు. ముఖం కొంచెం పాలిపోయింది గానీ వెంటనే సర్దుకున్నాడు.

"రేపు పోయి కొత్తది ఎక్కిస్తాలే. ఇన్నాళ్లూ ఏం కాల్యాదు గదా."

"ఆమె లోపల చెయ్యి పెట్టి తుడుస్తాండాదంట అన్నా, అది నడుస్తాంటే."

"ఫోన్ చేసి చెప్దాం."

"చెప్పినా. నవ్వినాడు."

ఆయన తన ఫోన్ తీసి పెద్దాయనకు చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. మిషన్ నడుస్తుంటే ఆ షెడ్డులో ఫోన్ వినపడదు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. నేను లాప్‌టాప్ సంచిలో వేసుకుని బస్టాండుకు ఆటో ఎక్కాను. "నేనూ వస్తా ఉండు, కారు సర్వీసుకు ఇచ్చినా, తెచ్చుకుంటా" అని ఆయన వెనక నుంచి అంటూనే ఉన్నాడు.

కడప బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. సన్నగా వాన పడుతోంది. నా ముందు సీట్లో ఒకామె పూలబుట్ట ఒళ్లో పెట్టుకుని నిద్రపోతోంది. శిరివెళ్ల దాటేదాకా పెద్దాయనకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఎత్తలేదు. ఇక చేసేదేం లేక, ఆ మిషన్‌లో ఫ్యాక్టరీ తయారుచేసే భాగాలన్నీ ఒకటొకటిగా గుర్తు చేసుకోవడం మొదలుపెట్టాను. మోటార్లు ఉన్నాయి. నీళ్ల పంపు ఉంది. తలుపు లేదు. దుమ్ము లాగే ఫ్యాను ఉంది. తర్వాత గుర్తొచ్చింది, ఎర్ర బటన్.

ప్రమాదం వస్తే నొక్కమని ప్రతి మిషన్‌కూ ముందువైపు పెద్ద ఎర్ర బటన్ ఉంటుంది. అది నొక్కినప్పుడు తెర మీద చూపించడానికి దానికీ నేనొక ఫైలు రాశాను. తలుపులాగే రాశాను. దాన్ని కూడా ఎవరూ పేరుపెట్టి పిలవరు. అయితే ఆ బటన్‌కు ప్రోగ్రాంతో పనిలేకుండా కరెంటును నేరుగా తెంచే వైరు విడిగా ఉంటుందని నా నమ్మకం. ఎక్కడైనా అట్లాగే ఉంటుంది, ఉండాలి. అన్నకు ఫోన్ చేశాను.

"ఎర్ర బటన్‌కు విడిగా వైరు వేసినావా అన్నా?"

అటువైపు కారు హారన్లు వినిపించాయి.

"అన్నా?"

"అన్నీ బాక్సులోంచే గదమ్మా పోయేది" అన్నాడు. "ప్రోగ్రాం చూసుకుంటాది గదాని…"

బస్సు ఎక్కడో ఆగింది. ఎవరో బస్తాలు ఎక్కిస్తున్నారు. డ్రైవర్ దిగి బీడీ ముట్టించుకున్నాడు. నేను లేచి డోర్ దగ్గరికి పోయి నిలబడ్డాను. కండక్టర్ "ఆళ్లగడ్డ ఇంకా దూరమున్నాదిమ్మా, కూసో" అన్నాడు. కూర్చోలేదు.

బస్టాండులో దిగి ఆటో మాట్లాడుకుని షెడ్డు దగ్గరికి పోయేసరికి వాన ఆగింది. బయట వరసగా బండలు, సగం తేలిన విగ్రహాలు తడిసి నల్లగా ఉన్నాయి. లోపల మిషన్ చప్పుడు. అది రాయిని కొరికే చప్పుడు కాదు. రాయికి దూరంగా వట్టిగా తిరిగే చప్పుడు. రాయిని చెక్కే ఒక ములుకు పని అయిపోయి ఇంకో ములుకు మార్చుకోవడానికి మిషన్ తల పక్కకు పోయినప్పుడు అట్లా వినిపిస్తుంది. మార్చుకోగానే తిరిగి వచ్చేస్తుంది, ఎవరినీ అడగదు.

గాజు తలుపు బార్లా తెరిచి ఉంది. పెద్దాయన భార్య నడుము వంచి లోపలికి ఒరిగి, తడిగుడ్డతో అమ్మవారి ముఖం మీది రాతిబురద తుడుస్తోంది. నాకు ఆమె వీపు మాత్రమే కనిపిస్తోంది. పెద్దాయన ఇవతల స్టూలు మీద కూర్చుని ఉలికి పదును పెడుతున్నాడు. నన్ను చూసి లేచాడు.

"ఏందమ్మా, ఇంత తొందరగా వచ్చినావ్?"

"అమ్మను బయటికి రమ్మను!"

ఆ చప్పుడులో ఆయనకు వినపడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. నేను మిషన్ వైపు చూపించి ఆపమని చెయ్యి ఊపాను. అది అర్థమైంది. సరే సరే అన్నట్టు తల ఊపి, తీరిగ్గా చెయ్యి చాచి ఎర్ర బటన్ నొక్కాడు.

మిషన్ తల పక్క నుంచి బయలుదేరింది.

ఆయన బటన్ వైపు చూశాడు. మళ్లీ నొక్కాడు. తర్వాత అరచేత్తో కొట్టాడు. అప్పుడు ఆయన ముఖంలో వచ్చిన మార్పు నేను మర్చిపోలేను. భయం కూడా కాదది. పిలిస్తే ఇంట్లో మనిషి పలకకుండా వెళ్లిపోతుంటే చూసినట్టుంది. నేను అప్పటికే గోడ వైపు పరుగెత్తుతున్నాను. మెయిన్ స్విచ్చు ముందు సైకిల్ ఆనించి ఉంది, దాని మీద తడి గోనెసంచులు ఆరేసి ఉన్నాయి. సైకిల్‌ను లాగి పడేశాను. కాలి మీద పడింది. పిడి పట్టుకుని రెండు చేతులతో కిందికి గుంజాను.

దీపాలు ఆరిపోయాయి. చప్పుడు ఆగలేదు. కరెంటు పోయినా తిరిగే ములుకు వెంటనే ఆగదు, సన్నబడుతూ పోతుంది. ఆ సన్నబడే చప్పుడు మధ్యలో ఆమె అరుపు వినిపించింది.

ఎడమ మణికట్టు. ములుకు పక్క నుంచి తగిలింది. గాజులు పగిలి చర్మంలోకి దిగాయి, ఎముక విరిగింది. ఇంకొక్క క్షణం కరెంటు ఉండుంటే ఏమయ్యేదో డాక్టర్ తర్వాత చెప్పాడు, నేను ఇక్కడ రాయను. పెద్దాయన ఆమెను వెనక నుంచి పట్టుకుని బయటికి లాగాడు. తన తలగుడ్డ విప్పి చుట్టాడు. నేను వచ్చిన ఆటో ఇంకా బయటే ఉంది, చిల్లర కోసం. అందులోనే ఆసుపత్రికి తీసుకుపోయాం. దారి పొడవునా ఆమె ఒకే మాట అడిగింది. "అమ్మవారికి ఏమన్నా తగిల్నాదా? చూసినారా?" నేను చూశాను. ఎడమ కంటి కింద నుంచి పెదవి దాకా లోతుగా గీత పడింది.

అక్కడ కట్టు కట్టి నంద్యాల పంపించారు. సాయంత్రానికి ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయారు. బయట బల్ల మీద నేనూ పెద్దాయనా కూర్చున్నాం. ఆయన చేతుల మీద రాతిబురద ఎండి తెల్లబడింది.

"నువ్వు చెప్తివి" అన్నాడు. "నేనే ఇనల్యా."

"మీ తప్పేం ల్యా పెద్దాయనా. తలుపు తీసినట్టు మిషన్‌కు తెలీదు."

"ఎర్ర బటన్ నొక్కితి గదా. రెండుసార్లు నొక్కితి."

"అదీ తెలీదు దానికి."

ఆయన అరచేతి మీది ఎండిన బురదను గోటితో గీకాడు.

"ఏమీ తెలీకుంటే, అన్నీ తెల్సినట్టు ఎట్ల నడిచె?"

నేను ఎన్నో ఏళ్లుగా ఎంతోమందికి ప్రోగ్రాంల గురించి చెప్పాను. ఆ ప్రశ్నకు ఆయనకు చెప్పగలిగిన జవాబు ఒక్కటే. "తెలీకపోతే తెలీదని చెప్పేటట్టు రాసింటిమి. దాన్ని తీసేసినారు" అన్నాను. ఎవరు తీశారని ఆయన అడగలేదు. అప్పుడే అన్న మెట్లెక్కి వస్తున్నాడు.

అన్న పెద్దాయన ముందు నిలబడి చేతులు జోడించాడు. ఆసుపత్రి సంగతంతా తాను చూసుకుంటానన్నాడు. తర్వాత నన్ను వరండా చివరికి పిలిచాడు.

"కరెంటు ఎచ్చుతగ్గులైనాదని చెప్దాం. ఇప్పుడే ఎవురికీ చెప్పొద్దు. రెండు మూడు రోజుల్లో నేనే అన్ని ఊళ్లూ తిరిగి మార్చేసొస్తా."

"ఆ రెండు మూడు రోజులు వాళ్లందరి మిషన్లూ నడుస్తాంటాయి అన్నా."

"మన షాపు మూతబడ్తాది మ్మా."

"ఎర్ర బటన్ నొక్కితే ఆగదని వాళ్లకు తెలీదు. ఆయప్ప నా కండ్ల ముందర అరచేత్తో కొట్టినాడు."

ఆయన గోడకు ఆనుకున్నాడు. నేను అక్కడే వరండాలో నిలబడి ఫోన్ తీసుకుని మా మిషన్లున్న వాళ్లందరికీ ఒకరి తర్వాత ఒకరికి చేశాను. అందరికీ ఒకటే చెప్పాను: మెయిన్ దించండి, మేం వచ్చేదాకా నడపొద్దు, ఎర్ర బటన్‌ను నమ్మొద్దు. కొందరు తిట్టారు. ఒకాయన తనను ఎవరో ఏడిపిస్తున్నారనుకుని పెట్టేశాడు. నాలుగైదు ఫోన్లయ్యాక అన్న నా దగ్గరికి వచ్చి, నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. నన్ను ఆపడానికనుకున్నాను. ఆ పెట్టేసినాయనకు మళ్లీ చేసి, "అన్నా, నేనే మాట్లాడ్తాండా. పాప చెప్పింది నిజమే. దించెయ్" అన్నాడు.

మరుసటి రోజు నుంచి ఇద్దరం తిరిగాం. ఫ్యాక్టరీలో ఆ రెండు వరుసలూ తీసేశాను. భాగాల ఫైళ్లు ఒక్కటి కూడా జారిపోకుండా అన్నింటినీ కలిపి కట్టేటట్టు మార్చాను. సెట్టింగుల్లో ఉన్న ఏ పేరైనా దొరక్కపోతే మిషన్ లేవనే లేవదు. అన్న ప్రతి ఎర్ర బటన్‌కూ విడిగా వైరు వేశాడు. వేసి, నొక్కి, కరెంటు తెగిన చప్పుడు విన్నాకే లేచేవాడు. మిడుతూరు వైపు ఒక మిల్లులో డ్రయ్యర్ మూత తీస్తే అడుగున వడ్లు నల్లగా మాడి, రేకుకు అంటుకుని ఉన్నాయి. ఆ మిల్లు ఆయన, కొన్నాళ్లుగా మాడు వాసన వస్తోందని, పక్కపొలంలో ఏమైనా కాలుస్తున్నారేమో అనుకున్నానని చెప్పాడు. రేకు వెనకే గోనెసంచుల గుట్ట ఉంది. అన్న ఆ గుట్ట మీద చెయ్యి పెట్టి చూసి, బయటికి పోయి నిలబడ్డాడు.

పెద్దాయన భార్యకు చెయ్యి అతుక్కుంది కానీ నిండు బిందె ఎత్తలేదు. గీత పడిన విగ్రహం పూజకు పనికిరాదు. దాన్ని షెడ్డు వెనక గోడ వైపు తిప్పి పెట్టారు. దాని బదులు పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని, మిషన్ ముట్టుకోకుండా, ఇంకోటి చేత్తోనే చెక్కి ఇచ్చాడు. లారీ ఆలస్యంగా పోయింది. తర్వాత ఆయన మిషన్ మళ్లీ నడుపుతున్నాడని విన్నాను. ఆమె మాత్రం ఆ షెడ్డులోకి అడుగు పెట్టడం మానేసిందట. నేను షాపులో ఆ ఏడాది చివరి దాకా ఉండి, మానేసి, ఇప్పుడు ఇంటి నుంచే వేరేవాళ్లకు కోడ్ రాస్తున్నాను. షాపు మూతపడలేదు. అన్న ఇప్పటికీ ఏదైనా అనుమానం వస్తే ఫోన్ చేసి అడుగుతాడు. నేను చెబుతాను.

ఒక్క మిషన్ మాత్రం మాకు దొరకలేదు. రాయి కోసే మిషన్. మా దగ్గర కొన్నాయన అప్పటికే దాన్ని ఒక బ్రోకర్‌కు అమ్మేసి, కొడుకు దగ్గరికి వేరే ఊరు పోయాడు. బ్రోకర్‌ను పట్టుకోవడానికే నెల పట్టింది. నంద్యాల స్టేషన్ దగ్గర టీకొట్టులో కలిశాడు. ఎవరికి అమ్మావని అడిగితే, కర్ణాటక వైపు నుంచి వచ్చిన పార్టీ అన్నాడు. పేరు గుర్తులేదు. వాళ్ల నంబరు పాత ఫోన్లో ఉండేదట, ఆ ఫోన్ పోయిందట.

"లారీ ఎక్కించేదాకే నా పని" అన్నాడు. "యాడికి పోయినాదో నాకేం తెల్సు?"

అతనికి నా నంబరు ఇచ్చాను. వాళ్లు ఎప్పుడైనా కనిపిస్తే, తలుపు తీసేముందు మెయిన్ దించమని చెప్పమన్నాను. ఎర్ర బటన్ సంగతి కూడా చెప్పాను, రెండోసారి కూడా చెప్పాను. అతను సరే అని తల ఊపి, టీ దుడ్లు ఇచ్చి, ప్లాట్‌ఫారం వైపు వెళ్లిపోయాడు. ఆ తర్వాత నేను ఫోన్ చేస్తే ఎత్తడం మానేశాడు. ఆ మిషన్ ఎక్కడో నడుస్తూనే ఉండి ఉంటుంది.